కొట్లో దొరకనిది మీ ట్రెక్కింగ్ సంచిలో ఏముంది?

కావలి_కొండగాలి
ట్రెక్కింగ్ సామాను గురించి ఇక్కడ బోలెడు చర్చలున్నాయి. బూట్లు ఏ కంపెనీవి, టెంటు ఎన్ని కిలోలు, ఎక్కడ డిస్కౌంటు. అవన్నీ చదివేశాను. ఈసారి డబ్బులు పెడితే దొరకనివి చెప్పండి. ఇంట్లో కుట్టుకున్నవి, చెక్కుకున్నవి, లేదా ఎందుకూ పనికిరాకపోయినా తీసి పక్కన పెట్టలేనివి.

నాతోనే మొదలుపెడతాను. నాది రొయ్యల మేత సంచి. నవ్వకండి. మా వైపు సముద్రం పక్క ఊళ్ళలో రొయ్యల గుంటలున్న ప్రతి ఇంట్లోనూ ఈ ఖాళీ సంచులు గుట్టగా పడి ఉంటాయి. పాతిక కిలోల సంచిని కుట్టు విప్పి పరిస్తే మనిషి నడుం వాల్చేంత పట్టా అవుతుంది. రెండు సంచులు కలిపి అంచు మడిచి కుట్టించాను, నాలుగు మూలలా తాడు దూరేలా రింగులు కొట్టించాను. కింద వేసుకుంటే ముళ్ళు, రాళ్ళు తెలియవు. వాన పడితే అదే సంచి మీద కప్పు. చిరిగితే కొత్తది, ఖర్చు లేదు. పెంచలకోనలో వాగు పక్కన దీని మీద పడుకున్నంత హాయిగా ఇంట్లో పరుపు మీద పడుకోలేదు.

గ్రాముల_లెక్క
ఐడియా బాగుంది. ఒక్క అనుమానం. తూకం వేశారా? లోపల పూత ఉన్న నేత సంచి ఒక్కోటి వంద గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. రెండు, పైన తాడు, రింగులు. పర్లేదు, కొనే గ్రౌండ్‌షీట్ కూడా అంతే ఉంటుంది. కానీ నూలు దుప్పట్లా నాలుగు మడతలు పడదు కదా?

కావలి_కొండగాలి
మడతలు పడదు. చాపలా చుట్టి సంచి పక్కన కట్టుకోవాలి. నడుస్తుంటే చప్పుడు చేస్తుంది, అదొక్కటే దాని లోపం.

అడవి_గుమ్మం (నిర్వాహకులు)
ఇంకొక లోపం ఉంది కొండగాలి గారూ. వాసన. ఆ మేతలో చేపపిండి ఉంటుంది. మనకి ఉతికాక తెలియదు, ఎలుగుబంటికి తెలుస్తుంది. పెంచలకోన చుట్టుపక్కల అడవి పెనుశిల నరసింహ అభయారణ్యం, వెలిగొండల్లో ఎలుగులు ఉన్నాయి. దాని కంటిచూపు అంతంత మాత్రం, ముక్కు మాత్రం చాలా గట్టిది. పుట్టలో చెదలు ఎక్కడున్నాయో వాసనతోనే పసిగట్టి తవ్వుకుంటుంది. ఆ సంచిని కుంకుడురసంలో నానబెట్టి, ఉతికి, రెండు మూడు ఎండలు తగలనివ్వండి. అప్పటికీ ముక్కుకి తగిలితే అది గొడ్ల చావిడికే. అలాగే అభయారణ్యంలో రాత్రి ఉండాలంటే అటవీశాఖ అనుమతి తప్పనిసరి. ఇది ప్రతి చర్చలోనూ రాస్తూనే ఉంటాను, విసుక్కోవద్దు.

జేజి_మనవరాలు
నేను నెల్లూరు. నా సంచిలో బొంత ఉంటుంది.

మా జేజి కుట్టింది. మామూలు బొంత అయితే మోయలేం, పాత చీరలన్నీ కుక్కి కుక్కి రెండు కిలోలకి తెస్తారు. నేను కొండలకి పోతానని తెలిశాక ఆమె నాకు వేరేగా ఒకటి చేసింది. మూడంటే మూడు చీరలు, మధ్యలో ఏమీ కూరలేదు. పైన ఉన్నది వెంకటగిరి నూలు చీర, జరీ అంచు పీకేసింది. "అది గీరుకుంటుంది అమ్మణ్ణీ, నీకు నిద్ర పట్టదు" అంది. కింద రెండూ ఆమె ఇంట్లో కట్టుకున్నవి. దారం కూడా చీర అంచుల్లోంచి లాగిందే. కుట్లు ఒక పక్క దగ్గరగా, ఇంకో పక్క దూరందూరంగా ఉంటాయి. సగంలో కంటి ఆపరేషన్ అయింది, దూరం కుట్లన్నీ ఆపరేషన్ ముందువి.

జేజి ఇప్పుడు లేదు. నిజం చెప్పాలంటే బొంతను మొదట్లో సెంటిమెంటుకి మోయలేదు, బాగుందని మోశాను. ఇప్పుడు రెండూ.

గ్రాముల_లెక్క
@జేజి_మనవరాలు మనసు నొప్పించడానికి కాదండీ, సమాచారం కోసం అడుగుతున్నాను. బరువెంత? నూలు తడిస్తే ఆరదు, తడి నూలు ఒంట్లో వేడిని లాగేస్తుంది. ఎక్కువ ఎత్తుల్లో అది ప్రమాదం.

జేజి_మనవరాలు
ఏడువందల గ్రాములకి కొంచెం అటూఇటూ. మీరు మోసే స్లీపింగ్ బ్యాగ్ ఎంత? నేను దీన్ని హిమాలయాలకి తీసుకుపోను, అంత తెలివితక్కువదాన్ని కాదు. అక్కడికి పోయినప్పుడు అద్దెకి తీసుకుంటాను. మన వెలిగొండల మీద మార్గశిరంలో కూడా బొంత చాలు. చలికాదు, తెల్లవారుజామున మంచు పడితే పైపై తడే. ఆ తడి మీ స్లీపింగ్ బ్యాగ్ మీదా పడుతుంది.

గ్రాముల_లెక్క
నాది 950. ఓడిపోయాను, ముందుకెళ్దాం.

శింగరాయకొండ_కుర్రోడు
గొంగడి ఎవరూ చెప్పలేదేంటి? వానకి, చలికి, కూర్చోడానికి, అన్నిటికీ అదే.

మువ్వల_గిత్త
గొంగడి మంచిదే తమ్ముడూ, కానీ మన దగ్గర నేసింది దొరకదు. నెల్లూరు గొర్రెకి బొచ్చే తప్ప ఉన్ని ఉండదు. గొంగడి అంతా దక్కనీ గొర్రె ఉన్నితోనే. అనంతపురం వైపో తెలంగాణ వైపో తెప్పించుకోవాలి. సన్న జల్లుకి నీళ్ళు జారిపోతాయి, పెద్దవానకి తడిసిందా, మోసేవాడి పని అయిపోయినట్టే.

నా సంగతి చెప్తాను. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. నాయనకి ఒంగోలు గిత్తల జత ఉండేది. బండలాగుడు పందేల జత కాదు, సేద్యం జత. ట్రాక్టరు వచ్చాక నాలుగేళ్ళు ఊరికే మేపాడు. తర్వాత అమ్మాడు. అమ్మిన రోజు మెడపట్టెళ్ళు విప్పి దూలానికి తగిలించాడు. కొన్నవాడు గంటలతో సహా ఇమ్మన్నాడు, నాయన ఇవ్వలా. అందులో ఒక కంచుగంట తీసి నా సంచికి కట్టుకున్నాను.

మొదట్లో నా వెంట వచ్చేవాళ్ళు విసుక్కున్నారు. కానీ పొదల మధ్య ఇరుకు బాటలో అది పనిచేసే వస్తువే. ఎలుగు మనిషి మీదికి ఎక్కువగా వచ్చేది ఎదురుపడి ఉలిక్కిపడ్డప్పుడు. ముందే చప్పుడు వినపడితే పక్కకి తప్పుకుంటుంది. చీకటి పడేవేళ, తెల్లవారుజామున గంటని మోగనిస్తాను. టెంటు వేశాక గంట నాలుకకి గుడ్డ చుడతాను, లేకపోతే పక్కవాళ్ళకి నిద్ర ఉండదు.

ఇంకోటి. మనం ఇక్కడ గంటలు దూలానికి తగిలిస్తే, సముద్రాలు దాటిన మన జాతి బ్రెజిల్లో నెలోర్ అనే పేరుతో మందలు మందలుగా మేస్తోంది. మా నాయనకి చెప్తే "వాళ్ళు దున్నుతారా, కోసుకు తింటారా" అని అడిగాడు. జవాబు చెప్పలా.

అడవి_గుమ్మం (నిర్వాహకులు)
గంట గురించి ఒక్కమాట. పక్షులు చూడ్డానికి వచ్చినవాళ్ళు దగ్గరలో ఉంటే, నేలపట్టులాంటి చోట, దయచేసి విప్పేయండి. ఎలుగు తిరిగే అడవిలో చప్పుడు మంచిదే. గంట లేనివాళ్ళు మాట్లాడుకుంటూ నడిచినా చాలు. ఇప్పపూలు రాలే రోజుల్లో ఆ చెట్ల కిందికి పొద్దున్నే పోవద్దు, గంట ఉన్నా సరే.

ముల్లుగర్ర
నా పేరులోనే ఉంది నా వస్తువు. తాత ఎడ్లు తోలిన ముల్లుగర్ర. గట్టి వెదురు, చివర ఇనుప ములుకు. ట్రెక్కింగ్ పోల్ అని రెండు వేలు పెట్టి కొనేదానికీ దీనికీ తేడా ఏంటంటే ఇది మడతపడదు, బస్సులో కండక్టరు తిడతాడు. తడిరాయి మీద ములుకు జారుతుంది కాబట్టి ముసలివాళ్ళ చేతికర్రకి వేసే రబ్బరు బుష్ తొడిగాను. మట్టిదారిలో తీసేస్తాను. అంతే.

కొత్తగా_ఎక్కుతున్నా
అందరూ పెద్ద పెద్దవి చెప్తున్నారు. నా సంచి జిప్పుకి అమ్మ కసుమూరు దర్గా నుంచి తెచ్చిన తాయెత్తు కట్టి ఉంటుంది. మేము నమాజు చదివేవాళ్ళం కాదు, అయినా మా వీధిలో అందరూ వెళ్తారు. అది విప్పితే అమ్మకి టెన్షన్. విప్పనంతవరకు నన్ను ఎక్కడికైనా పంపిస్తుంది. ఇంతకన్నా పనికొచ్చే వస్తువు నా దగ్గర లేదు.

ఉదయగిరి_చెక్క
మా ఊరి పేరు మొదటి పోస్టులోనే వస్తుందనుకున్నా, ఇంతదాకా రాలేదు. నా సంచిలో చెక్క చెంచా ఉంటుంది. ఉదయగిరి చెంచాలు తెలియనివాళ్ళకి: కొండ మీద దొరికే నర్ది లాంటి కలపతో చేత్తో చెక్కుతారు. పిడి మీద సన్నటి లతల పని ఉంటుంది. ఈ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా మేనత్త ఈ పనే చేస్తుంది. నా చెంచాకి మాత్రం లతలూ పువ్వులూ లేవు. "కొండ మీద సంగటి కలుపుకోడానికి పువ్వులెందుకురా" అని సాదాగా చెక్కి, పిడి పొట్టి చేసి, చివర తాడుకి చిల్లు వేసి ఇచ్చింది.

చెక్క చెంచాతో లాభం: వేడి గంజి తాగినా పెదవి కాలదు, గిన్నె అడుగు గీరుకోదు, రాయి మీద పెట్టినా చప్పుడు చేయదు. నష్టం: నీళ్ళల్లో నానబెడితే పగులుతుంది. కడిగిన వెంటనే తుడవాలి, అప్పుడప్పుడు రెండు చుక్కలు నూనె రాయాలి. ప్లాస్టిక్ స్పూను విరిగితే పారేస్తాం. దీన్ని ఒకసారి వాగులో పారేసుకుని మోకాల్లోతు నీళ్ళల్లో గంటసేపు వెతికాను.

గ్రాముల_లెక్క
@ఉదయగిరి_చెక్క దుర్గం పైకి ఇప్పుడు దారి ఎలా ఉంది? ఎప్పుడూ ఎక్కలేదు. నీళ్ళు పైన దొరుకుతాయా?

ఉదయగిరి_చెక్క
దారి ఉంది, మెట్లు కొన్నిచోట్ల పోయాయి, పొదలు పెరిగాయి. నీళ్ళు కింద నుంచే మోసుకుపోండి, పైన కోనేళ్ళలో నీళ్ళు కనపడినా నమ్ముకోవద్దు. పొద్దున్నే మొదలుపెట్టకపోతే ఎండకి మాడిపోతారు.

బరువులు లెక్కపెట్టేవాళ్ళకి ఒక ముచ్చట. ఉదయగిరి నుంచి సెంటిమెంటుగా బరువైన వస్తువు మోసుకుపోయినవాళ్ళలో మనం మొదటివాళ్ళం కాదు. కృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. గెలిచి ఏం పట్టుకుపోయాడు? ఇక్కడున్న బాలకృష్ణుడి రాతి విగ్రహం. దానికోసం హంపిలో గుడే కట్టించాడు. అప్పుడు గ్రాముల లెక్క గారు ఉండుంటే ఏమనేవారో.

గ్రాముల_లెక్క
ఏనుగులున్నాయి కదండీ ఆయనకి. ఇంతకీ ఆ విగ్రహం ఇప్పుడు హంపిలోనే ఉందా?

ఉదయగిరి_చెక్క
లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. పాపం, ఎక్కడ పెట్టినా ఎవరో ఒకరు మోసుకుపోతూనే ఉన్నారు.

బలపం_మాస్టారు
అందరికీ నమస్కారం. రిటైరయ్యాక కొండలెక్కడం అలవాటు చేసుకున్నాను. నా సంచిలో రెండు వస్తువులు చెప్తాను.

మొదటిది బలపాలు. బడిలో మిగిలిపోయిన డబ్బా ఒకటి ఇంటికొచ్చింది. దారి చీలినచోట రాయి మీద చిన్న బాణం గీస్తాను. తిరుగు ప్రయాణంలో చూసుకుంటూ వస్తాను, దాటగానే అరచేత్తో తుడిచేస్తాను. మర్చిపోయినా వాన కడిగేస్తుంది. భైరవకోనలో శిల్పులు కొండరాయిలో ఎనిమిది గుహలు తొలిచారు. అలాంటి కొండల మీదికొచ్చి పెయింటు డబ్బాతో ప్రేయసి పేరు రాసే మహానుభావుల్ని చూస్తే చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. పాత అలవాటు.

మా మనవడు ఫోన్లో దారి చూపిస్తుందంటాడు. చూపిస్తుంది, బ్యాటరీ ఉన్నంతసేపు. లోయలోకి దిగాక అది మనల్ని పక్క కొండ మీద చూపిస్తుంది.

రెండోది ఇండుపగింజలు. కొందరు చిల్లగింజలు అంటారు. మా అమ్మ వానాకాలంలో బురద నీళ్ళు తేరడానికి వాడేది. కుండ లోపల పక్కలకి గింజని తడి చేసి అరగదీయాలి, తర్వాత నీళ్ళు పోసి కదపకుండా ఉంచాలి. మట్టి అడుగుకి దిగుతుంది. పటికలాగే పని చేస్తుంది, రుచి మారదు. మూడు నాలుగు గింజలు జేబులో వేసుకుంటే బరువు తెలియదు. నేను వాడేది మూతి వెడల్పు స్టీలు గిన్నె. గిన్నె గరుకుగా ఉండదు కాబట్టి ముందు చిన్న రాయి మీద నూరి ఆ ముద్ద రాస్తాను.

అడవి_గుమ్మం (నిర్వాహకులు)
మాస్టారూ, మీ బాణాలకి నా ఓటు. గింజలకి మాత్రం చిన్న హెచ్చరిక అతికిస్తాను, కొత్తవాళ్ళు చదువుతారు కనుక. తేరిన నీళ్ళు వేరు, తాగే నీళ్ళు వేరు. గింజగానీ పటికగానీ మట్టిని దించుతాయి, క్రిములన్నిటినీ చంపవు. తేరిన నీళ్ళు వంపుకుని, పూర్తిగా ఉడుకు పట్టాక ఒక నిమిషమైనా మరగనివ్వాలి. మంట కుదరనిచోట క్లోరిన్ మాత్ర వేసి అరగంట ఆగాలి. ముందు తేర్చుకుంటేనే మాత్ర బాగా పనిచేస్తుంది. కాబట్టి మీ అమ్మగారి పద్ధతి మొదటి మెట్టుగా చాలా మంచిది.

బలపం_మాస్టారు
అంగీకరిస్తున్నాను. మరిగించాకే తాగుతాం. రాయడం మరిచాను.

ఇంజినీరింగ్_బ్యాక్‌లాగ్
నేను కూల్‌డ్రింక్ డబ్బాలతో స్పిరిట్ స్టవ్ చేశాను. రెండు డబ్బాల అడుగులు కోసి ఒకదాన్లో ఒకటి దూర్చి, అంచు చుట్టూ పిన్నుతో చిల్లులు. పదిహేను గ్రాములు కూడా ఉండదు. గ్రాముల అన్నా, మెచ్చుకో.

గ్రాముల_లెక్క
మెచ్చుకున్నాను. పగటిపూట స్పిరిట్ మంట కంటికి కనపడదు, ఆరిందనుకుని మళ్ళీ పోస్తే సీసా అంటుకుంటుంది. పూర్తిగా చల్లారాకే పోయి.

అడవి_గుమ్మం (నిర్వాహకులు)
రిజర్వ్ ఫారెస్టులో నిప్పు నేరం. ఎండాకాలం ఆ ఎండుగడ్డిలో అయితే నేరం కన్నా పెద్దది. గార్డు ఎక్కడ వెలిగించుకోమంటే అక్కడే. వెలిగించొద్దంటే అటుకులు నానేసుకు తినడమే.

ఎండురొయ్య
అటుకుల్లోకి మా ఇంటి ఎండు రొయ్యల పొడి చల్లుకుంటే ఆ అడవి గార్డు కూడా మన పక్కన కూర్చుంటాడు. అమ్మ దంచి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టి, పైన ఇంకో డబ్బాలో పెడుతుంది. ఎలుగు విషయం పైన చదివాక మూడో డబ్బా కూడా పెట్టుకుంటాను.

పొగాకు_బేరను
మాది పొగాకు ఇల్లు. కర్ణాటకలో మలనాడు కొండలకి వెళ్ళేటప్పుడు నాయన ఒక ఆకు నలిపి పొట్లం కట్టిస్తాడు. జలగలకి. మేజోడు పైన కొంచెం పొడి రుద్దుకుంటే జలగ ఎక్కదు, ఎక్కినా ఊడి పడుతుంది. మన జిల్లాలో దాని అవసరం లేదనుకోండి, జలగలకి ఇక్కడ ఎండ పడదు.

జాగ్రత్త ఒకటి చెప్తాను, ఇది పొలంలో తెలిసినదే. తడి పొగాకు ఒంటికి అంటుకుంటే నికోటిన్ చర్మంలోంచి లోపలికి పోతుంది. మంచు తడి ఆరకుండా ఆకు కొట్టే కూలీలకి తల తిరగడం, వాంతులు అందుకే. కాబట్టి మేజోడు లోపల వేయొద్దు, వానలో తడిసి కాలికి పట్టుకుంటుంది. పైనే రుద్దండి. పిల్లలకి అసలు వద్దు, ఉప్పు మూట చాలు.

రాత్రి_మోటారు
ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నా దగ్గర ఉన్నది మూడు బ్యాటరీల పాత టార్చి. మా నాయనది. మెట్ట పొలానికి కరెంటు రాత్రిపూట ఇచ్చేవాళ్ళు. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందంటే ఆ టార్చి పట్టుకుని గట్ల మీద మోటారు దగ్గరికి పోయేవాడు. నేను మంచంలో పడుకుని ఆ వెలుతురు చేలో ఎంతదూరం పోయిందో చూస్తుండేవాణ్ణి. పాము కనిపిస్తే వెలుతురు ఆగిపోయేది. మళ్ళీ కదిలేదాకా అమ్మ మాట్లాడేది కాదు.

దాన్ని మోయడమే కష్టం, మూడు పెద్ద బ్యాటరీలే మూడువందల గ్రాములు. మోటారు కనెక్షన్‌లో మిగిలిన పీవీసీ పైపు ముక్క కోసి లోపల దూర్చాను. అందులో ఒక లిథియం సెల్ పెట్టి, వెనక రాగి స్ప్రింగు పొడవు చేశాను. మూడు బ్యాటరీల టార్చికి వేసే బల్బు అటూఇటూ 3.8 వోల్టులది, లిథియం సెల్ 3.7. పాత బల్బు పాత పసుపు వెలుతురుతోనే వెలుగుతుంది. ఎల్‌ఈడీ వేసి ఉంటే ఎక్కువసేపు వచ్చేది. వేయలేదు. నడవడానికి తలకి కట్టుకునే లైటు వేరే ఉంది.

గ్రాముల_లెక్క
సెల్ 50 గ్రాములకి మించదు, అంటే పావుకిలో తగ్గించారు. ఈ చర్చలో నాకు నచ్చిన పోస్టు ఇదే. రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్లే వాడండి. విడి సెల్‌ని తాళంచెవులతో కలిపి జేబులో వేయకండి, అంటుకుంటుంది.

జేజి_మనవరాలు
@రాత్రి_మోటారు మీ నాయన టార్చి మీద పేరు చెక్కించాడా? మా తాత ప్రతి గిన్నె మీదా చెక్కించేవాడు, టార్చిని కూడా వదల్లేదు.

రాత్రి_మోటారు
పేరు కాదండీ, మేకుతో ఒక గీత. మా పెదనాయనదీ అదే టార్చి. ఆయనది రెండు గీతలు.

శింగరాయకొండ_కుర్రోడు
మాస్టారూ, ఇండుపగింజలు ఎక్కడ దొరుకుతాయి? మా ఊళ్ళో కిరాణాకొట్టతను పేరు విని నన్ను ఎగాదిగా చూశాడు.

బలపం_మాస్టారు
కిరాణాకొట్లో అడిగితే చూడక ఏం చేస్తాడు నాయనా. మూలికలు అమ్మే కొట్లో అడుగు. చిల్లగింజలు అని కూడా చెప్పు, రెండో పేరుకి ఇస్తారు. పుచ్చులు లేకుండా ఏరుకో. పాతవి గట్టిగా ఉంటాయి, అరగడానికి సమయం పడుతుంది గానీ పని చేస్తాయి. దొరక్కపోతే నీ అడ్రసు వేరేగా పంపించు, నా దగ్గర పొట్లం ఉంది.